నాగేశం సార్ చూసిన సముద్రం

భూగోళం వేడెక్కుతున్నదనీ, ధ్రువాల దగ్గర మంచు కరుగుతున్నదనీ, సముద్రమట్టం పెరుగుతున్నదనీ రూఢి కాగానే, ఈ సంగతి అందరికంటే ముందు సిద్దిపేటకు తెలియజేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1993 జూలైలో ఆ మేరకు ఉత్తర్వులు వెలువడ్డాయి. సిద్దిపేటకు అతి దగ్గరి సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రమాదం అంత దూరాన ఉన్నప్పుడే మేలుకోవాలన్నది ప్రభుత్వంవారి ఆలోచన. ఒడ్డున ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లోకి నీళ్ళు వచ్చిన రోజు వాళ్ళకే తెలుస్తుంది.

ఉత్తర్వుతో పాటు పాఠశాలకు ఒక సన్నటి పుస్తకం కూడా వచ్చింది. దాని అట్టమీద నీలి సముద్రం ఉండవలసింది. అచ్చువేసేవాళ్ళ దగ్గర నీలిరంగు అయిపోయినందున నల్లగా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పుస్తకాన్ని 'సముద్రానుభవం గల ఉపాధ్యాయుని' చేత బోధింపజేయాలనీ, బాగా బోధించిన పాఠశాల పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో సముద్రం దగ్గరికి తీసుకుపోతారనీ ఉత్తర్వులో మూడో పేరా చెబుతున్నది.

హెడ్మాస్టరు ప్రభాకర్ ఉపాధ్యాయులందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

"సముద్రం జూసినోళ్ళు చెయ్యి లేపుండ్రి."

హిందీ పండితులు నాగార్జునసాగర్ చూశారు. పేరులో సాగరం ఉంది కనుక పరిగణించాలని కోరారు. నీళ్ళు ఉప్పగా లేవన్న కారణం మీద వారి విన్నపం తోసివేయబడింది. లెక్కల మాస్టారు రైల్లో పోతూ నిద్రలో సముద్రాన్ని దాటేశారట. అదీ చెల్లలేదు. నాగేశం సార్ చెయ్యి ఎత్తలేదు. ఎత్తనవసరం లేకపోయింది. అందరి తలలూ వాటంతటవే ఆయన వైపు తిరిగాయి.

"ఇంట్లనే సముద్రం బెట్టుకొని ఊరంత ఎతుకుతున్నం గదా!" అన్నాడు ప్రభాకర్. "నాగేశం సార్, రాసుకోండ్రి. ఇది మీదే."

నాగేశం సార్‌కు అప్పటికి యాభై అయిదేళ్ళు. సాంఘికశాస్త్రం చెబుతాడు. ఆయన చదివింది ఊరి బడిలో; దస్తూరి కోడి గీరినట్టు ఉంటుంది; బదిలీలకు గానీ పదోన్నతులకు గానీ ఏ అధికారికీ ఆయన పేరు గుర్తుకు రాలేదు. అయినా సిద్దిపేటలో పాత బస్టాండు నుంచి కోమటిచెరువు కట్ట దాకా ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. ఎందుకంటే ఆయన సముద్రాన్ని చూసినవాడు. 1966లో బందరులో స్కౌటు మాస్టర్ల శిక్షణకు పోయి, నాలుగు రోజులు సముద్రంతో కలిసి ఉండి వచ్చినవాడు.

ఆ నాలుగు రోజుల వృత్తాంతం చెప్పడానికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఇంకా పూర్తికాలేదు. బందరు అలలు రెండంతస్తుల ఎత్తు ఉంటాయి. వచ్చేముందు ఈల వేస్తాయి. మొదటిరోజు ఒక అల ఆయన భుజమ్మీది తువ్వాల లాక్కుపోయింది. మర్నాడు పొద్దున అదే అల దాన్ని ఉతికి తెచ్చి ఇచ్చింది, గంజి మాత్రం పెట్టలేదు. ఆర్టీసీ బస్సంత చేప ఒకటి ఒడ్డుకు వచ్చి ఆయన్ను చూసి, పరాయి ఊరివాడని గుర్తుపట్టి మర్యాదగా వెనక్కి పోయింది. ఏటా కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా చేప కొంత పెరిగేది. 1980 నాటికి దానికి కిటికీలు కూడా వచ్చాయి.

ఇక నిజం సంగతి. అది ఒక్క భార్య విమలమ్మకే తెలుసు. నాగేశం సార్ బందరు పోలేదు. బెజవాడలో రైలు దిగి, బస్సుకు ఇంకా గంట ఉందని హోటల్లో భోజనానికి కూర్చున్నాడు. గోంగూర పచ్చడి ఏడుసార్లు వేయించుకున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఒక సత్రంలో, ఎక్కువ భాగం పెరట్లో, గడిచిపోయాయి. శిక్షణ ముగిసింది. తిరుగు ప్రయాణంలో స్టేషను ముందర ఒక శంఖం కొన్నాడు. ప్లాట్‌ఫారం మీది కుళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టి, రెండు పిడికిళ్ళ ఉప్పు కలిపాడు. సిద్దిపేటలో ఆ సీసా నీళ్ళను వేలు ముంచి నాలుక మీద వేసుకున్నవాళ్ళు రెండు వందలకు తక్కువ ఉండరు. నీళ్ళు తగ్గినప్పుడల్లా విమలమ్మ వంటింట్లోంచి సముద్రాన్ని నింపేది.

ఇరవై ఏడేళ్ళు ఒక అబద్ధాన్ని మేపడం మాటలు కాదు. అదే బర్రెనైతే పాలన్నా ఇచ్చేది. కానీ ఇదీ ఊరికే తినిపోలేదు. పెళ్ళి పందిళ్ళలో ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేసేవాళ్ళు. తండ్రులు పిల్లలకు ఆయన్ను చూపించి దండం పెట్టించేవాళ్ళు. సముద్రం తీసేస్తే నాగేశం సార్ దగ్గర మిగిలేది ఒక గొడుగు, ఒక సుద్దముక్కల డబ్బా. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన ఆ సన్నటి పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి చదివాడు. పొయ్యిల పొగ, ఫ్యాక్టరీల పొగ, బండ్ల పొగ పైకి పోయి భూమికి గొంగడి కప్పినట్టు కప్పుతున్నదట. వేడి బయటికి పోవడం లేదట. మంచు కరిగి సముద్రం ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతున్నదట. వానలు రావలసినప్పుడు రావట, వస్తే కుండపోతగా వస్తాయట. ఆయన మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక సంగతి ఏమీ కలపకుండానే భయంకరంగా కనిపించింది.

అందుకే మర్నాడు ఎనిమిదో తరగతిలో ఆయన దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనక బెంచీలవాళ్ళు పది నిమిషాల్లో నిద్రపోయారు.

"మిల్లీమీటర్ అంటే ఎంత సార్?" అని ముందు బెంచీ నుంచి సుశీల అడిగింది. ఊరి చివర రెండెకరాల రైతు కూతురు. ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతిమాటా తారీకు వేసి నోటుబుక్కులో రాసుకునే పిల్ల. అటువంటి విద్యార్థి దొరకాలని ప్రతి ఉపాధ్యాయుడూ కోరుకుంటాడు, దొరికేదాకా.

"పేనంత బిడ్డా."

"ఏడాదికి పేనంతనా? మరి మీ అల రెండంతస్తులు గద సార్?"

తరగతి నవ్వింది. ఇరవై ఏడేళ్ళలో తన సముద్రం చేతిలో తానే ఓడిపోవడం నాగేశం సార్‌కు అదే మొదలు. బొమ్మ లేనిదే ఈ పాఠం నడవదని ఆయనకు అర్థమైంది. ఆదివారం చేర్యాల బస్సు ఎక్కాడు.

చేర్యాలలో నకాశీ పటాలు గీసే దుబ్బయ్య ఇల్లు ఎవరిని అడిగినా చూపిస్తారు. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఆరబెట్టి, దాని మీద గజాల కొద్దీ కథ గీస్తాడు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ చెబుతారు. సారు చెప్పిందంతా దుబ్బయ్య విని, కుంచె చెవి వెనక పెట్టుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"మంచిది సారూ. ఏ కులపోళ్ళ కథ ఇది?"

"కులమేందయ్యా? సముద్రం కథ, వేడి కథ."

"పటమంటే ఒక కులపోళ్ళ పుట్టుక కథ సారూ. వాళ్ళు ఏడాదికోసారి కథ చెప్పేటోళ్ళను పిలుస్తరు, చెప్పిచ్చుకుంటరు, పెట్టేది పెడ్తరు. గిది ఎవ్వల్లది?"

"అందరిదీ."

దుబ్బయ్య జాలిగా చూశాడు. "అందరిదయితే ఎవ్వరు పిలుస్తరు సారూ?"

ప్రపంచ దేశాలన్నీ అంతకు ముందు ఏడాదే ఈ వేడి గురించి కూడా ఒకచోట కూర్చుని పన్నెండు రోజులు మాట్లాడుకున్నాయి. ఈ ముక్క తేలిందో లేదో తెలియదు. చేర్యాలలో రెండు నిమిషాల్లో తేలింది.

అయినా సారు మొహం చూసి దుబ్బయ్య ఒప్పుకున్నాడు. అయితే ఆయన కూడా సముద్రం చూడలేదు. గీసింది పాలసముద్రమే. "ఉప్పుది ఎట్లుంటది? మీరు జూసిన్రు గద, చెప్పుండ్రి" అన్నాడు. నాగేశం సార్‌కు మరో దారి లేకపోయింది. తన కోతలన్నీ వరసగా చెప్పాడు. దుబ్బయ్య ఒక్కటీ వదలకుండా గీశాడు. మూడు వారాల్లో పటం తయారైంది. పటానికి నేల ఎర్రగా ఉండాలన్నది తాతలనాటి పద్ధతి కనుక సముద్రం ఎర్రగా ఉంది. మొదట వినాయకుడు, తర్వాత రెండంతస్తుల అల, అల చేతిలో తువ్వాల, కిటికీల చేప. మంచుకొండ అంటే కైలాసమే కనుక కైలాసం కరుగుతున్నది. శివుడు నెత్తిన మూట పెట్టుకుని, పార్వతమ్మ చేయి పట్టుకుని, తడి కాళ్ళతో దిగి వస్తున్నాడు. వాళ్ళ మొహాల్లో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ దిగులు అచ్చంగా ఉంది.

ఆ పటం విప్పిన రోజు ఎనిమిదో తరగతిలో ఒక్కడూ నిద్రపోలేదు. పక్క తరగతులవాళ్ళు కిటికీలకు వేలాడారు. కైలాసం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. పాఠం నడిచింది. గొంగడి సంగతి, పొగ సంగతి, వానల సంగతి అన్నీ పిల్లల తలల్లోకి ఎక్కాయి. చివర వాళ్ళు అడిగారు, "గిదంత నిజమేనా సార్?"

"నా కండ్లతోని చూసిన" అన్నాడు నాగేశం సార్, తువ్వాల గురించి ఎట్లా అనేవాడో అట్లాగే. సుశీల అదీ రాసుకుంది.

తర్వాత లేచి నిలబడింది. "సార్, సముద్రం పెరుగుతుంటె మా బాయెందుకు ఎండుతున్నది? నాయిన పోయినేడు పూడిక తీపిచ్చిండు, మల్లెండింది. నీళ్ళు గాడికి పోతున్నయా?"

పుస్తకంలో దీనికి జవాబు లేదు. పుస్తకం రాసినవాళ్ళు సముద్రం గురించి రాశారు, సిద్దిపేట గురించి కాదు. "కనుక్కోని చెప్త బిడ్డా" అన్నాడాయన. ఆ మాట ఇరవై ఏడేళ్ళలో ఆయన నోట వినడం ఎవరికైనా అదే మొదటిసారి.

నవంబరులో పరిశీలన కమిటీ వచ్చింది. 'చెట్లను కాపాడండి, భూమిని చల్లబరచండి' అన్న పది గజాల గుడ్డ బ్యానరు వీధిలోంచి కనిపించడం లేదని బడి ముందరి రెండు యాపచెట్లను అంతకుముందే కొట్టేశారు. ఎండకు కమిటీవారు ఇబ్బంది పడకుండా ఆ కర్రలతోనే పందిరి వేశారు. విద్యాభివృద్ధి సంఘం అధ్యక్షులు, బట్టల వర్తకులు జగదీశ్వర్ గారు సభకు అధ్యక్షత వహించి, మైకును మూడుసార్లు ఊది, ఈ విధంగా ప్రసంగించారు:

"అయ్యలారా, అమ్మలారా! సముద్రం పెరుగుతున్నదంటె జనం బుగులు పడుతున్నరు. బుగులెందుకు? నేను లెక్కేసిన. ఈయాల బందరు దాక ఉన్నది. రేపు బెజవాడకు వస్తది. ఎల్లుండి సూర్యాపేటకు వస్తది. మన పిల్లల నాటికి మన సిద్దిపేట పొలిమేరకు వస్తది. అప్పుడు మనది రేవుపట్నం! ఓడలొస్తయి, యాపారమొస్తది! అందుకే మనవి చేసేదేందంటె, పెద్ద రోడ్డు మీద మన కొత్త ప్లాట్లున్నయి. సముద్రానికి ఎదురు మొఖం జాగలు కావాలన్నోళ్ళు ఇప్పుడే రాయించుకోండ్రి. తర్వాత నన్ననొద్దు!"

చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రానికి కొన్ని ప్లాట్లు నిజంగానే పోయాయని అంటారు. కమిటీవారు ఎర్రటి సముద్రాన్ని చూసి తలలాడించారు. ఎరుపేమిటని ఒక్కరూ అడగలేదు. ఎందుకు అడగలేదో వేరే చెప్పాలా? స్థానికంగా లభ్యమైన సముద్రానుభవాన్ని ఇంత చక్కగా వినియోగించుకున్న పాఠశాల జిల్లాలో మరొకటి లేదని అక్కడికక్కడే ప్రకటించారు. ఎనిమిదో తరగతి పిల్లలు నలభైమందినీ బందరు సముద్రానికి పంపుతారు. వెంట పోయి అన్నీ చూపించేది నాగేశం సార్.

పిల్లలు ఎగిరారు. సుశీల నోటుబుక్కును గుండెకు అదుముకుంది. నాగేశం సార్ పందిరి గుంజను పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి పోయి చొక్కా విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు. విమలమ్మ సంగతంతా విని, చెంబెడు నీళ్ళు చేతికిచ్చింది.

"గిప్పుడన్న చెప్పెయ్యరాదయ్యా. లేకుంటె జరమొచ్చిందని పండుకో, ఇంకో సారు పోతడు."

"ఇంకెవ్వరు లేరంటనే. నేను పోకపోతె పిల్లల్ని పంపరంట."

"మరి పో."

"పోతె పోరగాండ్లు అల ఏదంటరు, చేప ఏదంటరు."

"గోంగూర నిన్ను బట్టి ఇంకిడిసిపెట్టలేదు సూడు" అన్నది విమలమ్మ. నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. "నీ పరువు పోతదని నలభైమంది పిల్లల్ని ఇంట్ల కూసోబెడ్తవా?"

ఆయన చెంబు కింద పెట్టాడు. ప్రభుత్వం మీద నమ్మకం పెట్టుకున్నాడు. ప్రభుత్వం బస్సు ఇస్తానంటే ఆ బస్సు రాదు. వచ్చినా ఆ పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకున్నాక వస్తుంది. ఇది ఆయన అనుభవం. కానీ దురదృష్టం దాపురించినప్పుడు ప్రభుత్వం కూడా మాట నిలబెట్టుకుంటుంది. జనవరి రెండో వారంలో, చెప్పిన తారీకుకు, చెప్పిన గంటకు, గాలి నిండిన టైర్లతో బస్సు బడి ముందర నిలబడింది.

దారిపొడవునా పిల్లలు తువ్వాల కథ చెప్పించుకున్నారు. బెజవాడ దాటాక నాగేశం సార్ గొంతు పోయింది. అక్కడినుంచి ఆయనకు కూడా కొత్త దేశమే. బందరు ఊరు దాటి, ఉప్పు మళ్ళు దాటి, బస్సు ఇసుకలో ఆగింది. పిల్లలు దిగి పరుగెత్తారు. ఆయన వెనకగా, గొడుగు ఊతం చేసుకుని నడిచాడు.

సముద్రం ఉంది.

ఆయన నిలబడిపోయాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆయన సముద్రాన్ని ఎత్తుగానే కోస్తూ వచ్చాడు. వెడల్పు సంగతి ఒక్కనాడూ తోచలేదు. ఇది ఎత్తుగా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు, చూపు ఆగిపోయేదాకా, ఆగిపోయాక కూడా, ఉంది. తాను ఇన్నాళ్ళూ ఎంత తక్కువ చెప్పాడో ఆయనకు అప్పుడు తెలిసింది. ఎవరూ చూడకుండా వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు తాను కలిపినదానికంటే ఎక్కువే ఉంది.

పిల్లలు మాత్రం ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నారు. బందరు దగ్గర సముద్రం లోతు లేనిది. నీళ్ళు పరుచుకుని ఉంటాయి. అలలు మెల్లగా వచ్చి మోకాళ్ళను తాకి, వచ్చిన పని మరిచిపోయినట్టు పోతున్నాయి. రంగు మట్టి కలిసిన చాయ్‌లాగా ఉంది. చేపలు గంపల్లో ఉన్నాయి, జానెడేసి.

"గిది సముద్రం కాదు సార్," అన్నాడు ఒకడు. "మనల్ని ఎక్కడికో పట్టుకొచ్చిన్రు. ఎర్రగ లేదు."

"ఇంకోటి ఉంటది సార్, అసలుది. అడుగుదాం పాండ్రి."

ఇంతమంది పిల్లలు తనను ఇంతగా నమ్మితే నాగేశం సార్ ఛాతీ మామూలుగా పొంగేది. అప్పుడు సుశీల నోటుబుక్కు విప్పింది. పేజీలు తిప్పి, వేలు పెట్టి, చదివింది.

"సార్, ఆగస్టు పదకొండు తారీకు: సార్ చూసినప్పుడు బందరు అల రెండంతస్తులు. ఇప్పుడు మోకాళ్ళ దాక. ఆగస్టు పదమూడు: సముద్రం ఏడాదికి పేనంత పెరుగుతుంది. పెరుగుతె ఎక్కువుండాలె గద సార్? తగ్గింది. అంటె సముద్రం గుడ మా బాయి తీర్గనే ఎండిపోతున్నది. పెరుగుడు అబద్ధం. గంతేనా సార్?"

నలభై మొహాలు ఆయన వైపు తిరిగాయి. ఎంత సులువైన దారి! తల ఊపితే చాలు. 'అవును బిడ్డా, నేను చూసిన సముద్రం పోయింది' అని ఒక నిట్టూర్పు విడిస్తే చాలు. అల అట్లాగే ఉంటుంది, చేప కిటికీలతో సహా ఉంటుంది, పెళ్ళి పందిట్లో కుర్చీ ఉంటుంది. పోయేది ఆ సన్నటి పుస్తకం ఒక్కటే. దాన్ని ఎటూ ఎవరూ చదవలేదు.

నాగేశం సార్ ఇసుకలో గొడుగు గుచ్చాడు.

"పెరుగుతున్నది నిజం బిడ్డా. నేను చూసిన్నన్నదే అబద్ధం. నేనెన్నడు ఈడికి రాలె. ఈయాలనే చూస్తున్న, మీ తోటి."

ఎవడో కిసుక్కుమన్నాడు.

"తువ్వాల?" అన్నది సుశీల.

"బెజవాడల నేనే ఉతుక్కున్న."

"చేప?"

"లేదు."

"నా కండ్లతోని చూసిన అన్నరు గద సార్. రాసుకున్న."

"అన్న. తప్పు నాదే. గాని బిడ్డా, మంచు సంగతి, పొగ సంగతి, వానల సంగతి, అది నేను కల్పించలె. ఒక్క ముక్క కలపలె. పెద్ద పెద్దోళ్ళు లెక్కలు కట్టి చెప్పిన్రు. మీ బాయి సంగతి గుడ కనుక్కున్న. ఊరంత బోర్లేసి కింది నీళ్ళు గుంజుతున్నరు. వానలు సక్కగ లేవు, నిండుతలేదు. ఇది నమ్మాలె."

సుశీల ఆయన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. అంగట్లో తూకం తప్పు పట్టినప్పుడు వాళ్ళ నాయిన చూసే చూపు అది.

"మంచు కరుగుడు మీరు చూసిన్రా సార్?"

"లేదు."

"మరి ఏది నిజమో, ఏది కాదో నాకెట్ల ఎరుకైతది?"

ఆమె ఇసుకలో కూర్చుని, సంచిలోంచి స్కేలు తీసి, నోటుబుక్కులో ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ కొట్టేసింది. గీతలు వంకర పోకుండా, ఒక్కో వరసా, నింపాదిగా. అల ఉన్న వరస, చేప ఉన్న వరస, గొంగడి ఉన్న వరస, బాయి ఉన్న వరస. నాగేశం సార్ 'గది కొట్టెయ్యకు బిడ్డా' అని రెండుసార్లు అన్నాడు. సముద్రం చప్పుడులో వినబడలేదేమో.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాకా పిల్లలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకడు, "అంటె భూమి వేడెక్కుతలేదు గదరా!" అన్నాడు. బస్సు మొత్తానికి ప్రాణం లేచి వచ్చింది. శివుడు కైలాసంలోనే ఉన్నాడు. ఎవరూ ఇల్లు ఖాళీ చేయనక్కరలేదు. సిద్దిపేట చేరేవరకూ పాటలే పాటలు.

హెడ్మాస్టరు ప్రభాకర్ యాత్రా ఫలితాలపై నివేదిక పంపాడు. విద్యార్థులలో ప్రశ్నించే తత్వం పెంపొందినదనీ, వాతావరణ మార్పు పట్ల వారిలో ఉండిన భయాందోళనలు పూర్తిగా తొలగిపోయినవనీ రాశాడు. నివేదికను పైవారు మెచ్చుకున్నారు. భయాందోళనలు తొలగించడమే కార్యక్రమ లక్ష్యంగా మరుసటి ఏడాది నుంచి ఉత్తర్వు సవరించబడింది.

ఊరు నాగేశం సార్‌ను వెలివేస్తుందని ఆయన అనుకున్నాడు. ఊరు అంత పని ఎందుకు చేస్తుంది? పదిరోజులు నవ్వుకుంది. పెళ్ళి పందిళ్ళలో కుర్చీ ముందు వరుసలోంచి వెనక వరుసకు మారింది. అంతే. సముద్రం చూడకుండా ఇరవై ఏడేళ్ళు నమ్మించినవాడంటే చూసినవాడికంటే గొప్పవాడని కొందరు వాదించారు కూడా. ఆయన మాత్రం ఎక్కడ నలుగురు కలిసినా గొంగడి సంగతి, పొగ సంగతి ఎత్తుకునేవాడు. జనం ఎంతో ప్రేమగా వినేవారు. "అబ్బ, సారు ఇంక మానలేదు" అనుకునేవారు.

ఆ ఏడు మే నెలలో ఎండలు మండిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి పాత బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కరెంటు పోయి, పంకా ఆగి, పదిమంది చొక్కాలు విప్పుకుని కూర్చున్నారు. కొత్త ప్లాట్లలో వేసిన నాలుగో బోరు నుంచి కూడా తెల్లటి దుమ్మే లేచిందని జగదీశ్వర్ గారు అప్పుడే వచ్చి కూలబడ్డారు. మూలన నాగేశం సార్ కనిపించాడు.

"సార్, జర గా మంచు కరిగే కథ చెప్పరాదు?" అన్నారు జగదీశ్వర్ గారు, మొహం తుడుచుకుంటూ. "ఈ ఎండకు పానం సల్లబడ్తది."

నాగేశం సార్ చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీసెయ్యకుండా చెప్పాడు. పదిమందీ కడుపు పట్టుకుని నవ్వారు. జగదీశ్వర్ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమన్న అను సార్," అన్నారాయన, హోటలువాణ్ణి పిలిచి సారుకు తన వంతు చాయ్ చెబుతూ, "ఇన్నేండ్లల్ల నువ్వు గింత పెద్ద కోత ఎన్నడు కొయ్యలే."